పాస్ మీద తెల్లగీత

కాల్పుల్లో చచ్చిన విదేశీ ఏజెంట్ జేబులో ఒక విజిటర్ పాస్ దొరికింది. బాలానగర్ వర్క్‌షాపు వెనక గదిలో నిఘా చీఫ్ లక్ష్మీనారాయణ దాన్ని తన ఏజెంట్ దినేశ్ ముందు పెట్టాడు.

"నకిలీది. గిట్లాంటిదే ఇంకోటి హంతకుని దగ్గరున్నది. ఇయ్యాల మన రాడార్ సైంటిస్టు రేణుక హైటెక్ సిటీల ఈ పాస్ మీదున్న ఆఫీసుకే పోతది, ఆమెను చంపనీకె వాడు వస్తడు. పాస్ అచ్చేసినోళ్లు ఆడనే ఉన్నరు. ప్రింటర్ దొరికితే మనిషి దొరుకుతడు."

"లోపల మనవాళ్లెవరు సార్?" దినేశ్ పాస్ చేతిలోకి తీసుకున్నాడు.

"అడ్మిన్ మేనేజర్ అశ్విని. ఆ నకిలీ పాస్‌ల ముఠాల మనం పెట్టిన మనిషి." చీఫ్ ఒక భూతద్దం ఇచ్చాడు. "బోర్లించి నొక్కితే లాబీ గేట్లన్నీ బంద్ అయితయి."

దినేశ్ ప్రింటర్ కంపెనీ ఇంజినీరు వేషంలో మొదటి అంతస్తుకు చేరాడు. పాస్ మీద ఫొటోను చీలుస్తూ సన్నటి తెల్లగీత ఉంది. ఆ గీత వేసే మెషీన్ కావాలి. ఆఫీసంతటికీ ఏ మోడల్ వేయించాలో తేల్చడానికే వచ్చాడనుకుని అకౌంట్స్ గుమస్తా శివశంకర్ దగ్గరుండి టెస్ట్ పేజీలు తీయించాడు. రిసెప్షన్ ప్రింటర్లో నలుపు వెలిసి బూడిదైంది. అకౌంట్స్ దాంట్లో ప్రతి అక్షరం పక్కన ఎర్రటి నీడ పడింది. అశ్విని క్యాబిన్లోది ముత్యాల్లా అచ్చేసింది. దేంట్లోనూ గీత లేదు. ఉన్నవి ఆ మూడే.

గాజుగోడలోంచి చూస్తే కింద లాబీలోకి రేణుక అడుగుపెడుతోంది. దినేశ్‌కు భయమేసింది. ఆమె ప్రాణం కోసమే అనుకుంటే అబద్ధం. తన ప్రాణం మీదా తీపి ఉంది.

మొన్ననే ఆయుధపూజ అయింది. వాటర్ కూలర్‌కూ, స్టేప్లర్లకూ కూడా కుంకుమబొట్లు పెట్టారు. ఎదురుగా ఉన్న అశ్విని క్యాబిన్ ప్రింటర్‌కు మాత్రం బొట్టు లేదు. అంటే మొన్న ఇది ఇక్కడ లేదు. గీత వేసే పాతదాన్ని ఎవరో మార్చేశారు. దొంగ చేతికే తాళాలిచ్చామని అర్థమైంది.

వెనక సెంటు వాసన. పట్టుచీరలో అశ్విని. చేతిలో పెన్ను, దాని కొసన సూది.

"పాతది యాడికి పోయెనా అని చూస్తాండావా? అరిచినావంటే ఈ సూది దిగుతాది. ఆ అద్దం కింద పెట్టు."

దినేశ్ చెప్పినట్టే చేశాడు. చేతిలోని భూతద్దాన్ని టెస్ట్ పేజీ మీద బోర్లించి నొక్కాడు.

కింద గేట్లు ధడేల్‌మన్నాయి. రేణుకకు చెయ్యి చాపినంత దూరంలో ఒకడు గేట్ల మధ్య ఇరుక్కున్నాడు. వాడి చెయ్యి ఇంకా కోటులోనే ఉంది. సెక్యూరిటీ వాళ్లు వాడి మీద పడ్డారు. అశ్విని అటు తిరగ్గానే దినేశ్ పేపర్ ట్రే లాగి ఆమె మణికట్టు మీద కొట్టాడు. పెన్ను ఎగిరిపోయింది.

అశ్వినిని తీసుకెళ్లాక దినేశ్ భూతద్దం జేబులో వేసుకున్నాడు. శివశంకర్ మాత్రం మూడు టెస్ట్ పేజీలూ లైటు కింద పెట్టి తెగ చూస్తున్నాడు.

"సార్, జర ఏమనుకోకుండ్రి. మూడింట్ల మేడమ్‌దే మంచిగ వచ్చింది. గదే ఫైనల్ చేద్దామా?"