తమ్ముడూ, వదలకు

1994 నవంబరు 17, గురువారం. పొద్దుటి నుంచీ ముసురు. చీకటిపడ్డాక చినుకు ఆగింది గానీ చూరు మాత్రం కారుతూనే ఉంది.

వీధి చివరి రేకుల షెడ్డుకు అప్పటికే పేరు చెడింది. గేరుబాక్సుల మేస్త్రి పోయి నలభై రోజులు. ముందు తలుపుకు తాళం. అయినా రాత్రి తొమ్మిది దాటితే లోపల్నుంచి గుసగుసగా ఒక మాట — “తమ్ముడూ, నొక్కు... వదలకు.” ఆ వెంటనే టక్‌మని చప్పుడు. తన చెవులతో విన్నానని టీకొట్టువాడు ఒట్టేశాడు. వాడి ఒట్టూ వాడి టీలో పాలూ ఒకే పాటి చిక్కన. అది వేరే సంగతి.

“నిన్నేనయ్యా పిలిచేది. మీ అన్న చివరిచూపుకైనా రాలేదుగా నువ్వు!” అన్నాడు వాడు, పదకొండేళ్లకు తిరిగొచ్చిన మేస్త్రి తమ్ముడితో.

ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పాలంటే నాలుగు చేతులు కావాలి. డ్రమ్ములో మొండి స్ప్రింగు ఉంటుంది. ఒకరు దాన్ని అదిమి పడితే ఇంకొకరు పైనున్న రింగు ఊడదియ్యాలి. పదకొండేళ్ల కిందట ఆ రోజు అదిమి పట్టింది తమ్ముడే. అన్న ఏదో జోకేశాడు. ఇతను నవ్వాడు... పట్టు జారింది. రింగు ఎగిరొచ్చి అన్న కుడికన్ను తీసుకుపోయింది.

“చెయ్యి వదిలేశావురా...” అన్నాడు అన్న. అంతే. ఆ ఒక్క మాట మొయ్యలేక ఇతను ఇల్లొదిలి పోయాడు.

ఇప్పుడు పెరటి తలుపు మెల్లగా నెట్టాడు.

గుడ్డి బల్బు. బల్ల మీదికి వంగిన వీపు. అన్న ఖాకీ చొక్కా — భుజం మీద ఆ నూనె మరకతో సహా!

“తమ్ముడూ... నొక్కు.”

పారిపోవాల్సిందే. కానీ ఒకసారి పారిపోయిన ఫలం పదకొండేళ్లుగా తింటున్నవాడు... రెండు చేతులూ చాచి ముందుకెళ్లాడు.

“నొక్కుతానన్నా. ఈసారి వదలను.”

టక్!

ఆ వీపు ఇటు తిరిగింది. అన్న కాదు. అన్న కూతురు.

“బాబాయ్?” గుర్తుపట్టడానికి ఆ పిల్లకు క్షణం పట్టింది. “మిమ్మల్ని కాదు... దీన్ని.”

రెండు ఇనుప పలకలు, మధ్యలో పొడుగాటి బోల్టు, ఒక నట్టు. నట్టు తిప్పితే స్ప్రింగును అదిమి పట్టుకుంటుంది. ఒంటికంటితో, ఒంటరిగా పనిచేసుకోవడానికి మేస్త్రి ఇంట్లోనే చేసుకున్న పనిముట్టు. పై పలక మీద తెల్ల రంగుతో అన్న గుండ్రటి అక్షరాలు: తమ్ముడు.

“నాన్న దీంతో మాట్లాడుతూనే పనిచేసేవాడు. ఆయన ఆఖరి బండి సగంలో ఆగిపోయింది, బాబాయ్. పగలు ముట్టుకుంటే అమ్మ ఏడుస్తుంది.”

“నేను పట్టుకోనామ్మా?”

ఆమె నట్టు ఇంకో చుట్టు బిగించింది.

“అక్కర్లేదు. ఇది వదలదు.”

పనిముట్ల పెట్టె మూతకు అన్న రాసిపెట్టిన కాగితం అంటించి ఉంది. ఇల్లూ షెడ్డూ భార్యకు. పనిముట్లన్నీ కూతురికి. ‘తమ్ముడు’ కూడా కూతురికే — ‘జాగ్రత్త’ అని రాసి, కింద రెండు గీతలు.

తోడబుట్టిన తమ్ముడికి ఏమీ రాయలేదు.