ఏడుపు కుర్చీ

"ఆపండమ్మా! బాబోయ్, ఆపండి! బిడ్డకేదో అయిపోతుంది!"

ఇలా అరుస్తున్న నూకరత్నానికి ఏ జబ్బూ లేదు, కడుపులో బిడ్డా లేదు. కాకినాడ సిటీ బస్సు డ్రైవరు. గొంతెత్తిందంటే హారన్‌తో పనుండదు. డాక్టర్ సూది పట్టుకున్నది ఆమెకోసం కాదు, ఆమె తమ్ముడి భార్య హైమ కోసం. ఆ హైమేమో పక్కనే బల్ల మీద పడుకుని, "ఏసీ దగ్గర సాలెగూడు పట్టింది సిస్టర్, దులిపించండి" అంటోంది.

తిరకాసంతా ఆ ఇద్దరి తలలకూ తగిలించిన టోపీల్లో ఉంది.

హైమకు ఏడో నెల. ఆమె రక్తానికీ బిడ్డ రక్తానికీ పడలేదు, లోపల బిడ్డ రక్తం విరిగిపోతోంది. సన్నటి సూదిని తల్లి పొట్టలోంచి బొడ్డుతాడు దాకా పంపి, బిడ్డకు రక్తం ఎక్కించాలి. తల్లికి మత్తిస్తే బిడ్డకూ చేరుతుంది. అసలే నీరసించిన ప్రాణి, తట్టుకోలేదన్నారు. అందుకని పైచర్మం మొద్దుబారేలా ఒక ఇంజెక్షన్, అంతే. తల్లి మాత్రం కదలకూడదు. కదిలితే సూది బొడ్డుతాడును చీల్చేస్తుంది.

వారం కిందట మొదటిసారి బల్లెక్కినప్పుడు హైమ సూదిని చూసి గజగజ వణికిపోయింది. డాక్టర్ ప్రమీలారాణి సూది పక్కన పెట్టేశారు. "నా వణుకే నా బిడ్డను చంపేస్తుంది వదినా" అని హైమ ఆ రోజంతా ఏడ్చింది. ఇంకొన్నాళ్లు ఆగితే బిడ్డ దక్కదని డాక్టర్ ఉన్నమాట చెప్పేశారు.

అప్పుడు బయటికి తీశారు ఈ మెషిన్‌ని. పేరు భయవాహిని. భయాన్ని చంపడం ఏ సైంటిస్టు వల్లా కాలేదు గానీ, ఒకరి దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇవ్వడం కుదిరింది. మెదడులో బాదంగింజంత చోటుంది, భయం పుట్టేది అక్కడే. ఒక టోపీ అక్కడి సిగ్నల్‌ని లాగేస్తుంది, రెండో టోపీ దాన్ని పక్కమనిషి మెదడులో మోగిస్తుంది. నొప్పి ఎవరిది వాళ్లకే ఉంటుంది, భయం ఒక్కటే ఇల్లు మారుతుంది. రెండో టోపీ పెట్టుకున్నవాళ్లు కూర్చునే కుర్చీని ఆస్పత్రిలో ఏడుపు కుర్చీ అనేవారు. అందులోంచి వచ్చే ఏ అరుపునీ పట్టించుకోవద్దని నర్సులకు మరీ మరీ చెప్పి ఉంచారు.

ముందు హైమ మొగుడు ఈశ్వర్రావు కూర్చున్నాడు. టోపీ ఇలా పెట్టారో లేదో, అలా దభీమని పడ్డాడు.

"జరగరా, నువ్వూ నీ మీసాలూ!" అని నూకరత్నం కూర్చుంది.

కూర్చున్నాక తెలిసింది పాపం. తలని కుర్చీకేసి కొట్టుకుంటూ ఒకటే అరుపు. దెబ్బ తగులుతుందని నర్సు చుట్టూ చూసింది. హైమ కుడి నడుం కింద చిన్న దిండుంది.

"తీసుకోండి సిస్టర్, నాకేం పర్లేదు" అంది హైమ నవ్వుతూ.

నర్సు ఆ దిండు లాగి నూకరత్నం తల వెనక పెట్టింది. డాక్టర్ చూపంతా స్కానింగ్ తెర మీద సూది మొన దగ్గరే ఉంది.

రక్తం సగం ఎక్కిందో లేదో, నూకరత్నం అరుపు మారిపోయింది.

"ఇది సూది భయం కాదు డాక్టరమ్మా! ఇందాకటిది వేరు, ఇది వేరు! లోపల చీకటి పడిపోతుంది! చచ్చిపోతున్నట్టుంది!"

"మెషిన్ బాగా పనిచేస్తోందని అర్థమమ్మా. కాస్త ఓర్చుకోండి."

బీపీ మెషిన్ కూడా కుయ్యోమంటూనే ఉంది. నూకరత్నం గొంతు ముందు దాని గోల ఎవరికి వినపడుతుంది?

"నన్ను నమ్మొద్దులెండి. హైమనడగండి! మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి దాన్నడగండి!"

ఆ గోల పడలేకే అడిగారు డాక్టర్. "ఎలా ఉంది హైమా?"

"హాయిగా ఉందండీ. చేతులు చల్లబడ్డాయి. ఊపిరి సరిగా అందట్లేదు. ఇందాకటి నుంచీ బిడ్డ కదలట్లేదు. నిద్రొస్తోంది."

చల్లగా చెప్పింది, చిరునవ్వు కూడా నవ్వింది. ప్రమీలారాణి చూపు సూది మొన దగ్గర్నుంచి పక్కకు జరిగింది. తెర మీద బిడ్డ గుండె నత్తనడక నడుస్తోంది.

"సూది తీసేస్తున్నా! ఎడమపక్కకు తిప్పండి! దిండేది? దిండెవరు తీశారు?"

ఏడో నెల గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భం బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కేస్తుంది. తల్లికీ బిడ్డకూ రక్తం అందదు. అలాంటప్పుడు ఏ తల్లికైనా ముందు ప్రాణభయం పుడుతుంది, లేపండి మొర్రో అంటుంది. హైమ భయమూ ఆ మాటే అరిచింది. కాకపోతే ఏడుపు కుర్చీలోంచి అరిచింది.

పక్కకు తిప్పాక అందరూ తెరకేసి చూశారు. బిడ్డ గుండె తడబడి, మెల్లగా అందుకుంది. టోపీలు తీశారు. భయమంతా ఒక్కసారిగా తిరిగొచ్చి హైమ బావురుమంది.

"బిడ్డ కదలట్లేదని నేనే చెప్పానా వదినా? నవ్వుతూ చెప్పానా?"

నూకరత్నం ఆమె తల నిమిరింది. అరిచి అరిచి గొంతు పోయింది.

మిగతా సగం రక్తం ఎక్కించాల్సే ఉంది. హైమ కళ్లు తుడుచుకుని, "డాక్టరుగారూ, ఆ రెండో టోపీ మీరు పెట్టుకోండి" అంది.

"నేనా? నా చెయ్యి వణికితే?"

"కొంచెమే ఇస్తాను, మిగతాది నేనే ఓర్చుకుంటాను. మా వదిన అరుస్తుంటే మీకు పట్టలేదు. మీలోపలే అరిస్తే పడుతుంది."

డాక్టర్ ఒకసారి హైమనీ, ఒకసారి ఆ టోపీనీ చూశారు. చివరికి మెషిన్ మీట పావువంతుకు తిప్పి టోపీ పెట్టుకున్నారు. దిండు తానే సర్దారు. మోచేతిని బల్లకు ఆనించుకుని సూది పట్టారు. అడుగడుక్కీ ఆగి, "ఊపిరి ఆడుతోందా తల్లీ? ఆగమంటావా?" అని అడిగారు. హైమ వదిన చెయ్యి పట్టుకుని, పళ్లు బిగించి, కదలకుండా పడుకుంది. చాలాసేపు పట్టింది గానీ రక్తమంతా ఎక్కింది. బిడ్డ తన్నిన తన్నుకు హైమ ఉలిక్కిపడి, ఆ వెంటనే ఏడ్చేసింది.

ఈ సంగతి ఊరంతా పాకింది. ఆ తర్వాత ఏ గర్భిణి వచ్చినా ఒకటే మాట: "మెషిన్ పెట్టుకుంటాం, కుర్చీలో మాత్రం డాక్టరే కూర్చోవాలి." భయవాహినిని అంతగా మెచ్చుకున్న పెద్ద డాక్టర్లకు ఉన్నట్టుండి అందులో బోలెడు లోపాలు కనిపించాయి. ఇప్పుడది దుప్పటి కప్పుకుని స్టోర్‌రూంలో ఉంది.

ప్రమీలారాణికి మాత్రం ఆ పావువంతు భయం పోలేదు. ఇప్పటికీ సూది పట్టుకునే ముందు దిండు రెండుసార్లు చూసుకుంటారు. ఊళ్లో ఆమెకు భయం డాక్టరమ్మని పేరు పడింది. ఆమె గది ముందే జనం ఎక్కువ.

నూకరత్నం బస్సు ఆ వీధి మలుపులో ఆగుతుంది.

"భయం డాక్టరమ్మ ఆస్పత్రి! కడుపుతో ఉన్నవాళ్లు నిదానంగా దిగండి. నేనాగుతాను."