బల్మూర్ టేపులు

వనపర్తి దాటగానే ఎర్ర కారు స్పీడ్ పెంచింది.

స్వరూప కాలు యాక్సిలరేటర్‌ను ఇంకా గట్టిగా తొక్కింది.

స్టేషన్ జీపు. పాత బండి. అరవై దాటితే స్టీరింగ్ వణుకుతుంది. ఇప్పుడు ముల్లు ఎనభై మీద ఉంది.

వాన... సన్నగా, ఆగకుండా. వైపర్ ఒక్కటే పనిచేస్తోంది.

ముందు లారీ. ఎదురుగా బస్సు. మధ్యలో చిన్న సందు.

ఎర్ర కారు దూరిపోయింది.

స్వరూప కూడా దూరింది. బస్సు హారన్ చెవి పక్కనే మోగి వెనక్కి పోయింది. డ్రైవర్ తిట్టిన తిట్టు సగమే వినిపించింది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"యాడున్నవ్?"

దినేష్ సార్ గొంతు. బల్మూర్ స్టేషన్ డైరెక్టర్.

"వనపర్తి దాటిన సార్. ఆత్మకూరు రోడ్డు."

"పోనియ్యకు. ప్రతి మలుపూ నాకు చెప్పు."

"పోలీసులకు చెప్పిన్రా?"

"గవన్నీ నేను చూసుకుంట. నువ్వు రోజాను చూడు."

రోజా...

ఆ పేరు వింటేనే స్వరూప పళ్లు బిగుసుకుంటాయి.

ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకు బల్మూర్ గుట్ట మీది గ్రౌండ్ స్టేషన్ చేతులు మారుతుంది. నేలను ఫొటో తీసే శాటిలైట్ ఒకటి. వానమబ్బుల్ని కనిపెట్టే శాటిలైట్ ఒకటి. రెంటినీ ప్రభుత్వం హైదరాబాద్ కంపెనీ ఒకదానికి అప్పజెబుతోంది. యాంటెన్నా, తాళాలు, మనుషులతో సహా.

ఇరవై రెండేళ్లు ఆ రెంటినీ కంటికి రెప్పలా కాచింది స్వరూప. ఏది ఎప్పుడు ఏ దిక్కున లేస్తుందో గడియారం చూడకుండా చెబుతుంది.

కానీ కంపెనీ తరఫున స్టేషన్ హెడ్‌గా వచ్చింది ఎవరు?

రోజా!

స్వరూప పక్కన కుర్చీ వేసుకుని పని నేర్చుకున్న పిల్ల. తెర మీద మబ్బుకూ పొగకూ తేడా తెలియక బిక్కమొహం వేసిన పిల్ల. మూడేళ్ల కింద కంపెనీలో చేరింది. నిన్న సాయంత్రం ఎర్ర కారు దిగి, "అక్కా, బాగున్నవా?" అంది.

స్వరూప ఆ పిల్ల మెడలో వేలాడుతున్న కార్డు మాత్రం చదివింది. 'హెడ్' అని ఉంది. ఇంకోసారి చదివింది.

రాత్రంతా నిద్ర లేదు.

ఈ పొద్దున ఎనిమిదింటికి స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి, శాటిలైట్ ఫొటోలు దాచే టేపుల గది తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద బషీర్ భాయ్ పడి ఉన్నాడు. ఆ గది తాళాలు పాతికేళ్లుగా ఆయన దగ్గరే ఉంటాయి. తల పగిలి నెత్తురు కారుతోంది.

"రోజా... డబ్బా తీస్కపోయింది..."

అంతే. కళ్లు మూతలు పడ్డాయి.

కిటికీలోంచి చూస్తే ఎర్ర కారు గుట్ట దిగుతోంది.

అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యమని గేటు దగ్గరి వాచ్‌మన్‌కు చెప్పి జీపు ఎక్కింది స్వరూప. దారిలోనే దినేష్ సార్‌కు ఫోన్ కొట్టింది. గెస్ట్ హౌస్‌లో ఉన్నానన్నాడు. ఆయాసపడుతూ మాట్లాడాడు.

దొంగ! హంతకురాలు!

అట్లా అనుకున్నప్పుడల్లా గుండెలో ఎక్కడో చల్లగా ఉంది. ఆ చల్లదనం ఏమిటో స్వరూపకు తెలుసు. తెలియనట్టే ఉంది.

ఆత్మకూరు వచ్చింది... పోయింది.

ఎర్ర కారు జూరాల రోడ్డు వదిలేసింది. అమరచింత వైపు తిరిగింది.

స్వరూప ఉలిక్కిపడింది. అమరచింత తను పుట్టిన ఊరు.

"సార్, అమరచింత దిక్కు పోతుంది."

"ఆడికెందుకు?"

"తెల్వదు సార్."

"ఆడికెళ్లి గద్వాల పోవాలంటే ఎట్ల పోతది?"

"జూరాల కట్ట మీదికెళ్లే. ఇంకో తొవ్వ లేదు."

"సరే."

ఫోన్ కట్ అయింది.

గద్వాల అని ఈయనకెట్లా తెలుసు? తను చెప్పలేదే...

ఆ అనుమానం అలా వచ్చి, ఇలా పోయింది. ముందు ఎర్ర కారు లైట్లు కనబడుతుంటే ఇంకేమీ బుర్రకెక్కడం లేదు.

నేతగాళ్ల వీధి. వానలోనూ మగ్గాల చప్పుడు.

కారు ఆగింది.

స్వరూప మలుపులోనే బ్రేకు వేసింది. ఆగింది ఎవరి ఇంటి ముందు?

తన తల్లి ఇంటి ముందు!

రోజా దిగింది. తలుపు కొట్టింది. విజయమ్మ బయటకు వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. తడుస్తోందని తన కొంగు తీసి నెత్తిన కప్పింది.

స్వరూప చూస్తోంది.

రోజాను మొదటిసారి ఈ ఇంటికి తెచ్చింది తనే. ఆ ఏడాది తల్లి మగ్గం మీంచి దించిన జరీ అంచు చీర రోజాకే పెట్టింది. "పిల్లకు బాగుంటది" అంది. స్వరూప పక్కనే నిలబడి ఉంది. తనకు బాగుంటుందో లేదో తల్లి అడగలేదు.

కుర్చీ తీసుకుంది. పేరు తీసుకుంది. అమ్మను కూడా తీసుకుంది.

జీపు రివర్స్ చేసింది. ఈ ఊరి సందులన్నీ తనకు తెలుసు. కోమట్ల వీధి వెనక నుంచి, మామిడితోట పక్క నుంచి బురద బాట పట్టింది. ఆ పిల్ల కంటే ముందే జూరాల చేరాలి.

ఫోన్ మోగింది. 'అమ్మ.'

కట్ చేసింది.

మళ్లీ మోగింది. 'అమ్మ.'

మళ్లీ కట్ చేసింది.

జూరాల.

గేట్లు ఎత్తారు. కృష్ణ ఎర్రగా, ఉరుముతూ కిందికి దూకుతోంది. తుంపర రోడ్డు మీదికి కొడుతోంది. కట్ట మీద ఒక్క బండి లేదు.

స్వరూప జీపును అడ్డంగా నిలిపింది. దిగింది. టైరు విప్పే ఇనుప రాడ్ చేతిలోకి తీసుకుంది.

టైమ్ పదీ ఇరవై ఎనిమిది.

పదిన్నరకు నేలను ఫొటో తీసే శాటిలైట్ మీంచి పోతుంది. ప్రభుత్వం చేతిలో ఉండగా అదే ఆఖరుసారి. కన్సోల్ ముందు కూర్చోవలసింది తను. ఈ రోజు కోసం కొత్త చీర కూడా కట్టుకుంది. ఆ చీర ఇప్పుడు మోకాళ్ల దాకా బురద.

ఎర్ర కారు వచ్చింది. కీచుమంటూ ఆగింది.

రోజా దిగింది. ముఖంలో భయం... ఆ వెంటనే ఏదో వెలుగు.

"అక్కా, నువ్వా? ఆ జీపుల ఉన్నది నువ్వేనా? నేను సార్ మనిషి అనుకొని ఉరుకుతున్న..."

చెంప పగిలింది.

రోజా కారుకు తగిలి నిలదొక్కుకుంది.

"బషీర్ భాయ్‌ను సంపుతవే? ఉప్పు తిన్న చోటు గదనే!"

"నేను కొట్టలే అక్కా. దినేష్ సార్ కొట్టిండు."

"అబద్ధం."

"డబ్బా చూడు. చూసినంక సంపు."

వెనక సీట్లో ఇనుప డబ్బా. స్వరూప మూత ఎత్తింది. నల్లని టేపులు, అరచేతిలో పట్టేవి, పదిహేను. ఏడాదికొకటి. ప్రతి దాని మీదా తెల్ల కాగితం, దాని మీద సంతకం.

తన సంతకం.

"గద్వాల ఏటి ఒడ్డు టేపులు అక్కా," రోజా గబగబా చెబుతోంది. "మున్నూరు ఎకరాలు. పదిహేనేండ్ల సంది ఆడ రైతులు విత్తనాల కోసం సీడ్ పత్తి వేస్తున్నరు. గవి బంజరు భూములని ఎవరో పెద్దమనిషి దొంగ కాయిదాలు చేపిచ్చిండు. పంట ఉన్నదని చెప్పే సాక్ష్యం ఈ ఫొటోలొక్కటే. హైదరాబాద్ కాపీ పోయిన నెల చెరిగిపోయింది. చెరిపిచ్చిండ్రు. మా కంపెనీకి ఇచ్చే లిస్టుల ఈ టేపులు లెవ్వు. అప్పగింతలు అయినంక ఎవరిని అడుగుతరు? సర్కారు మా దగ్గర లెవ్వంటది. కంపెనీ మాకు రాలేదంటది. నడుమల మాయం."

"లిస్టు ఎవరు రాసిన్రు?"

"దినేష్ సార్."

నీళ్ల హోరులో ఆ పేరు చిన్నగా వినిపించింది.

"రాత్రి లిస్టు చూసి నేనే బషీర్ భాయ్‌ని అడిగిన. పొద్దుగాల టేపులు తీసి నా చేతుల పెట్టిండు. పదకొండు గంటలకు గద్వాల కోర్టుల ఆ రైతుల కేసు వాయిదా ఉంది. టేపులు ఇస్తుండంగనే సార్ వచ్చిండు. భాయ్ తలుపుకు అడ్డం నిలబడి, నన్ను ఎనక తలుపు నుంచి పొమ్మన్నడు."

స్వరూప చేతిలో రాడ్ కిందికి దిగింది.

"ఇరవై రెండేండ్లు భాయ్‌తోని కూసొని చాయ్ తాగిన. నాకియ్యలే. నీకిచ్చిండు. ఎందుకు?"

రోజా తల దించుకుంది.

"చెప్పు."

"నువ్వు... నా మీది కోపంతోని సార్ దిక్కు పోతవేమోనని భయపడ్డడు అక్కా."

చెంపదెబ్బ తిన్నది రోజా. మండింది స్వరూపకు.

"నేను గట్ల అనుకోలే," రోజా అంది. "రాత్రి పదునాలుగు సార్లు ఫోన్ చేసిన. నా నంబర్ బ్లాక్ చేసినవ్ గద. టేపులు ఒక్కటే ఉంటే కోర్టు నమ్మదు. సంతకం పెట్టిన మనిషి వచ్చి గివి నావే అనాలె. అందుకే అమ్మ దగ్గరికి పోయిన. అక్కకు ఫోన్ చేసి గద్వాలకు రమ్మను అని కాళ్లు మొక్కిన."

రెండుసార్లు మోగిన ఫోన్... రెండుసార్లూ కట్ చేసిన తను...

పదిన్నర.

తలెత్తి చూసింది స్వరూప. మబ్బు తప్ప ఏమీ లేదు. ఆ పైన ఎక్కడో తన శాటిలైట్ నిశ్శబ్దంగా దాటిపోతోంది.

అప్పుడు వినబడింది, ఇంకో బండి చప్పుడు.

గద్వాల వైపు నుంచి తెల్ల కారు వస్తోంది. దినేష్ సార్... హైవే మీదుగా చుట్టు తిరిగి ముందే కాచుకుని ఉన్నాడు. దారి చెప్పింది ఎవరు? తనే!

దిగాడు. ఒంటరిగా. చేతిలో పిస్తోలు.

"శాబాష్ స్వరూపా. మంచిగ పట్టినవ్."

రోజా స్వరూప వెనక్కి జరిగింది. ఆ పిల్ల ఊపిరి వీపుకు తగులుతోంది.

"కంపెనీ వాళ్లతోని మాట్లాడిన," దినేష్ దగ్గరికొస్తూ అన్నాడు. "టేపుల దొంగను హెడ్ చెయ్యరు గద. మధ్యాహ్నం పన్నెండుకు ఆ కుర్చీల కూసునేది నువ్వు. డబ్బా ఏట్లెయ్యి. అంతే."

స్వరూప డబ్బా వైపు చూసింది.

"గీ పిల్ల నిన్ను తొక్కి పైకి పోయింది. స్టేషన్ల అందరికీ తెలుసు."

"అవును సార్," స్వరూప అంది.

ఒక్క అడుగు ముందుకు వేసింది. రోజా ఊపిరి వెనకే ఉండిపోయింది.

"నేనే నేర్పిన. ఒక్కొక్క బటన్ నేనే చూపెట్టిన. నిన్న నా ముందలకే హెడ్ అని కార్డు ఏసుకొని వచ్చింది. మూడేండ్లు సార్... ఈమె పేరు ఇంటే నాకు అన్నం దిగలే. మా అమ్మ కూడ ఈమెనే అడుగుతది. నన్ను అడగది."

"అక్కా..." అంది రోజా.

"నోర్ముయ్!"

దినేష్ నవ్వాడు. పిస్తోలు రోజా వైపు తిప్పాడు. వాన నీళ్లు చేతి మీంచి కారుతున్నాయి. చెయ్యి వణుకుతోంది. ఆయన ఫైళ్ల మీద సంతకాలు చేసే మనిషి.

"మీ చెయ్యి వణుకుతుంది సార్," స్వరూప అంది. "నాకియ్యిన్రి."

దినేష్ ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. అక్కడ ఏం కనబడిందో, ఆయనకు నమ్మకం కుదిరింది. అందులో నటన లేదు మరి. మూడేళ్లుగా ఉడికిన ఉడుకు అది.

పైగా తన చేతికి నెత్తురు అంటకుండా పోతుంది.

పిస్తోలు ఇచ్చాడు.

బరువుగా ఉంది. డిగ్రీలో ఎన్‌సీసీ రైఫిల్ పట్టిన చెయ్యి. మరిచిపోలేదు.

స్వరూప తిరిగింది. గురిపెట్టింది.

ఎదురుగా రోజా. తడిసిన జుట్టు. చెంప మీద తన అయిదు వేళ్లు.

ఒక్క వేలు కదిలిస్తే చాలు. కుర్చీ తనది. పేరు తనది. అమ్మ తనది.

రోజా పారిపోలేదు. కళ్లు మూసుకుంది.

"ఊఁ... కానియ్యి," వెనక నుంచి దినేష్.

ఠాప్!

గేట్ల మీది కొంగలు ఒక్కసారిగా లేచాయి.

దినేష్ రోడ్డు మీద పడి ఉన్నాడు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని అరుస్తున్నాడు. తను ఎప్పుడు వెనక్కి తిరిగిందో స్వరూపకే తెలియదు.

పిస్తోలు జీపులోకి విసిరేసి, పోలీసులకు ఫోన్ చేసింది. అంబులెన్స్ కూడా పంపమంది. కిలోమీటర్ల లెక్కతో సహా జాగ పక్కాగా చెప్పింది. తెల్ల కారు తాళం తీసుకుని, దాన్నీ అడ్డంగా ఉన్న జీపునూ పక్కకు జరిపి తాళాలు వేసింది.

"ఎక్కు," అంది రోజాతో. ఎర్ర కారు స్టీరింగ్ ముందు తనే కూర్చుంది.

కట్ట వెనకబడింది. పత్తి చేలు మొదలయ్యాయి. డబ్బా రోజా ఒళ్లో ఉంది.

గద్వాల మొదటి ఇళ్లు కనబడుతుండగా రోజా నెమ్మదిగా అంది.

"అక్కా... నిజంగ నన్నే కాలుస్తవనుకున్న."

స్వరూప గేరు మార్చింది. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నేను కూడ గట్లనే అనుకున్న."