ఉప్పు బంగళాలో సగం మంచం

రండి, ఇంకొంచెం ముందుకు జరగండి. గోడకి ఆనుకున్న వాళ్ళు కూడా రండి. ప్రార్థన అయిపోయింది కదా అని అప్పుడే చెప్పులు వెతుక్కోకండి. టీ కాగేలోపు ఒక సంగతి చెబుతాను. పిల్లల్ని ఒళ్ళోకి తీసుకోండి... వాళ్ళు భయపడతారని కాదు, మీకు తోడుగా ఉంటారని.

అల్లూరు దాటి సముద్రం వైపు పోతుంటే, రొయ్యల గుంటలు అయిపోయి ఉప్పుమడులు మొదలయ్యే చోట ఒక పాత బంగళా ఉంది. ఎప్పుడో ఉప్పు వ్యాపారం చేసిన ఒక దొర కట్టించుకున్నది. చుట్టూ సర్కారు తుమ్మ తప్ప ఇంకో ఇల్లు లేదు. గోడలకి ఉప్పుగాలి తగిలి తగిలి సున్నం పెచ్చులు లేచి, లోపలి ఇటుకలు పుండులాగా కనిపిస్తుంటాయి.

దీపాలు పెట్టే వేళ దాటితే ఆ దారిన సైకిలు కూడా పోదు.

ఆ బంగళాలో చివరిగా ఉన్నది రెబెక్కమ్మ. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరి మనిషి. ఆమె నెల్లూరు ఆసుపత్రిలో పోయిందని, అక్కడే సమాధి కూడా చేసేశామని చెల్లెలి కొడుకు సంజీవరావు వచ్చి చెప్పినాడు. పోయిన ఆమె పేరున ఆదరణ కూడిక పెట్టి, పెద్ద భోజనం పెట్టినాడు. అందరూ తిని, కళ్ళు తుడుచుకుని ఇళ్ళకి పోయినారు.

కొన్ని నెలలు గడిచినాయి.

ఒక సాయంత్రం ఆదెయ్య అనే ఉప్పుకూలీ పని ముగించుకుని వస్తున్నాడు. బంగళా గేటు దగ్గర తెల్లచీర... రెబెక్కమ్మ. నిలబడి వీడి వైపే చూస్తోంది. చెయ్యి ఎత్తింది. నోరు తెరిచింది...

ఆదెయ్య సైకిలు అక్కడే పడేసి పరిగెత్తినాడు. జ్వరం తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఆ సైకిలు మాత్రం తుమ్మచెట్ల కింద తుప్పు పడుతూ ఉండిపోయింది, తెచ్చుకోను ఎవరికీ గుండె చాల్లేదు.

ఆ తర్వాత ఊపిరి వినిపించడం మొదలైంది. గాలి పడిపోయిన సాయంత్రాల్లో, ఖాళీ బంగళాలోంచి... బావిలోంచి బరువైన చేద లాగినట్టు ఒక ఊపిరి. ఆగుతుంది. మళ్ళీ లాగుతుంది. విన్నవాళ్ళు నడక మానేసి పరుగెత్తేవాళ్ళు. మన సంఘంలో వాళ్ళు కూడానూ. దెయ్యాలు లేవని గట్టిగా చెప్పేది మనమే, దారి మార్చుకుని పోయేది మనమే.

అట్టాంటి చోటికి మన కావలి అబిగయీలు పోయింది. ఒంటరిగా. సోఫా కొనడానికి.

నవ్వకండి, చెబుతాను. అబిగయీలు నాన్న లాజరస్ గారు మీకు తెలుసు, ఆరాధనలో వెనక వరుసలో నిలబడి పాడే పొడుగాయన. ఆయన గుండె బలహీనపడింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. కుర్చీలో కూర్చుంటే మెడ వాలిపోతుంది, కాళ్ళు వాచిపోతాయి. నిద్ర లేక మనిషి కరిగిపోతున్నాడు. డాక్టరు ఒకటే చెప్పినాడు: వీపు ఎత్తుగా, కాళ్ళు చాపుకుని, రాత్రంతా కదలకుండా పడుకునే ఏర్పాటు చూడండి, నిద్ర పట్టకుంటే మనిషి దక్కడు.

అబిగయీలు నెల్లూరులో సోఫాల షాపులన్నీ తిరిగింది. అన్నీ మెత్తటి స్పాంజివే. లాజరస్ గారు ఆనుకోగానే జారి జారి కిందికొచ్చేవాడు. ఒక షాపులో పనివాళ్ళు మొహం పక్కకి తిప్పుకుని నవ్వినారట. ఆ రోజు ఇంటికొచ్చి ఎంతో ఏడ్చి, ఆ తర్వాత ఫోనులో పాతకాలం సామాను వెతకడం మొదలుపెట్టింది. షేజ్ లాంజ్ అంటారంట దాన్ని. ఒక కొస ఎత్తుగా, వీపుకి వాలుగా ఉంటుంది, రెండో కొస మంచంలాగా కాళ్ళకి చాపుగా ఉంటుంది. లాజరస్ గారు ఫోటో చూసి, ఇది సగం మంచమమ్మా, మిగతా సగం దొరకలేదేమో అన్నాడు. ఆ పేరే ఇంట్లో నిలబడిపోయింది.

ఎట్టాంటిది కొనాలో ఆ పిల్ల పరీక్షకి చదివినట్టు చదివింది. దిండు మెత్తదనం కాదు, వాలు ముఖ్యం. మేకులు కొట్టింది వద్దు, చెక్క చీలలు బిగించింది కావాలి. మన ఎండలకి గుడ్డ పరుపు కాదు, పేము అల్లిక మంచిది. అన్నిటికంటే ముందు తిరగేసి అడుగు చూడాలి, పుచ్చు ఉంటే పిండి అక్కడ కనిపిస్తుంది. నాన్న వీపు పొడుగు ఒక దారంతో కొలిచి, ముడి వేసుకుని, ఆ దారం ఎప్పుడూ బ్యాగులోనే పెట్టుకునేది.

అప్పుడు సంజీవరావు పెట్టిన ఫోటో కనపడింది. ఉప్పు బంగళాలో సామాను అమ్ముతానని. ఫోను చేస్తే మాట తీరే బాగలేదు. పెద్దమ్మ పోయినాక ఖాళీగా పడుందని, తాళం ఎప్పుడో పాడైందని, నచ్చితే లారీ మాట్లాడుకుని ఎత్తుకుపొమ్మని చెప్పినాడు. మీరు కూడా వస్తారా అంటే...

"నేనెందుకు? ఆ ఇంట్లో అడుగు పెట్టను. చూసుకుంటే చూసుకోండి, లేకుంటే గమ్మునుండండి."

అబిగయీలు ఆఫీసు వదిలి బస్సెక్కి అల్లూరులో దిగేసరికి పొద్దు వాలిపోయింది. ఆటోవాళ్ళు బంగళా పేరు వినగానే ముఖం తిప్పుకున్నారు. చివరికి పెంచలకృష్ణ అనే అతను ఒప్పుకున్నాడు. దారి పొడుగునా ఒకటే మాటలు. కావల్లో సోఫాలు అయిపోయినాయా అక్కా అంటాడు. దెయ్యం కూర్చున్న సోఫా కొంటే దెయ్యం ఫ్రీనా అంటాడు. ఇంటికి పరోటా కట్టించుకున్నా, చల్లారకముందే పోవాలంటాడు.

గేటు కనపడగానే నవ్వు ఆగిపోయింది.

"నేను ఈడే ఉంటానక్కా. మా ఇంటిదానికి నేనొక్కణ్ణే మొగుణ్ణి."

ఆమె దిగుతుంటే గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పినాడు. రొయ్యల గుంటలకి కాపలా ఉండే చిన్నపోలయ్య రోజూ సాయంత్రం గేటు ముందరి కల్వర్టు మీద అన్నం పొట్లం పెట్టిపోతాడంట. దెయ్యం గుంటలోకి దిగితే రొయ్యకి తెల్లమచ్చ రోగం తగులుతుందని భయం. తెల్లారేసరికి పొట్లం ఖాళీ. కుక్క ముట్టినట్టు చిందరవందరగా కాదు... శుభ్రంగా మడిచి పెట్టి ఉంటుందంట ఆకు.

"మొన్న గుంటల్లో పట్టుబడి అయిపోయింది, రొయ్య లారీ ఎక్కేసింది. ఇంక దీనికెందుకు అన్నమని పోలయ్య మానేసినాడు. ఈ పొద్దు అది ఆకలి మీదుంటది, అక్కా. తొందరగా వచ్చెయ్."

అబిగయీలు సెల్లు లైటు వేసుకుని లోపలికి పోయింది.

గబ్బిలాల వాసన. కాలి కింద దుమ్ము మెత్తగా, పిండిలాగా. హాలు మధ్యలో... సగం మంచం.

బోర్లా పడి ఉంది. కాళ్ళు నాలుగూ పైకి.

మీకు తెలుసుగా. శవాన్ని లేపినాక ఆ మంచాన్ని బోర్లా తిప్పేస్తారు. ఏ మతమైనా, ఏ కులమైనా ఈ పక్కంతా అదే ఆచారం. అంతకుముందు కొనడానికి వచ్చినవాళ్ళు ఆ గుమ్మంలోంచే అది చూసి, వచ్చిన దారినే పోయినారు. మీరైనా పోతారు, నేనైనా పోతాను.

ఈ పిల్ల మాత్రం సంతోషపడింది! కొనేవాళ్ళు అడుగు చూసుకోవాలని ఎవరో పద్ధతి తెలిసినవాళ్ళు తిప్పిపెట్టినారనుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని లైటు వేసి చూసింది. చెక్క చీలలు. పుచ్చు లేదు. పేము ఒక్క పోగు కూడా తెగలేదు.

అప్పుడు గమనించింది... ఇల్లంతా దుమ్ము. దీని మీద లేదు.

ఒక పక్క పట్టుకుని దొర్లించి నిలబెట్టింది. దారం తీసి వీపు వాలు మీద పెట్టింది. ముడి ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే పడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి. నాన్న నిద్రపోతాడు అనుకుంది. ఆ ఒక్క ఆలోచనతో తక్కినవన్నీ మరిచిపోయింది.

పడుకుని చూడకుండా పడక కొనకూడదు కదా. లైటు నేల మీద పెట్టి, వెనక్కి ఆనుకుని, కాళ్ళు చాపింది.

పేము వెచ్చగా ఉంది.

ఎవరో ఇప్పుడే లేచి పోయినట్టు...

తలవైపు, గోడ చీకట్లోంచి— ఊపిరి.

లాగింది. ఆగింది. మళ్ళీ లాగింది.

అబిగయీలు కదల్లేదు. నోట్లోకి వచ్చిన పాట మొదటి మాట దగ్గరే ఎండిపోయింది. నేల మీద కర్ర ఈడ్చిన చప్పుడు... దగ్గరికి. ఇంకా దగ్గరికి. చెవి పక్కనే గొంతు, గరగరమని:

"లే."

కర్ర సగం మంచం కోడుకి టక్కున తగిలింది.

"నా పడక మీద నుంచి లే... లేస్తావా, పీక పట్టుకుని లేపమంటావా?"

బయట ఆటో హారన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. గుమ్మం ఆ పక్కనే ఉంది. ఎవరైనా పరిగెత్తే క్షణం అది. ఆమె కూడా ఒక కాలు కింద పెట్టింది.

కానీ ఆ ఊపిరి... ఎంత కూడదీసుకున్నా సగమే అందుతోంది. చివర్లో సన్నగా ఈల. నెలల తరబడి చీకట్లో మేలుకుని, ఆగిపోతుందేమోనని చెవి పెట్టి విన్న ఊపిరి అదే. నాన్న ఊపిరి.

చచ్చినవాళ్ళకి ఊపిరి అందకపోవడం ఏంటి?

అబిగయీలు తల తిప్పలేదు. చీకట్లోకే, మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా... అన్నం తిన్నావా?"

కర్ర ఆగిపోయింది.

మళ్ళీ ఆ గొంతు... ఈసారి గరగర లేదు.

"తినలా. పోలయ్య నిన్నా పెట్టలా... ఈ పొద్దూ పెట్టలా."

లైటు ఎత్తి చూసింది అబిగయీలు. ఎముకల మీద చీర కప్పినట్టున్న ఒక ముసలావిడ, గోడకి చేరబడి, భయంతో ఈమెనే చూస్తోంది. ఈమెకంటే ఎక్కువ భయంతో.

రెబెక్కమ్మ. చావలేదు, ఎవరూ సమాధి చెయ్యలేదు.

సంజీవరావు ఆమెను వెంకటాచలం అవతల ఏదో ఆశ్రమంలో వదిలి, పోయిందని ఊరికి చెప్పి భోజనాలు పెట్టినాడు. అక్కడ చదునుగా పడుకోబెడితే ఊపిరాడక, తన సగం మంచం కోసం పారిపోయి బస్సెక్కి వచ్చింది. గేటు దగ్గర దాహమేసి, మంచినీళ్ళడుగుదామని ఆదెయ్యకి చెయ్యెత్తింది. వాడు పరిగెత్తినాడు. ఆ తర్వాత ఎవరు కనబడితే వాళ్ళు పరిగెత్తినారు. మరి నువ్వు బతికున్నానని అరవలేదేం పెద్దమ్మా అంటే, ఆవిడ చెప్పింది ఇదీ:

"బతికున్నానంటే వాడు మళ్ళీ తీసుకుపోయి పడేస్తాడు. దెయ్యాన్నయితే ఎవురూ ముట్టుకోరు."

ఆటో చప్పుడు విన్నప్పుడల్లా లేచి పడకని బోర్లా దొర్లించేది. బోర్లా ఉన్నదాన్ని ఈ పక్క ఎవరూ తాకరని ఆవిడకి తెలుసు.

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని బయటికొచ్చినారు. పెంచలకృష్ణ ఆటోలో బిగుసుకుపోయి ఉన్నాడు.

"అక్కా... నీ పక్కన ఎవురు?"

"పెద్దమ్మ. ఇంటికి కట్టించుకున్న పరోటా ఉందన్నావే, అది ఇస్తావా?"

ఇచ్చినాడు. చెయ్యి చాచి ఇచ్చినాడు గానీ కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే ఇచ్చినాడు. ఆవిడ తింటున్న చప్పుడు విన్నాక ఒక కన్ను తెరిచినాడు. తర్వాత నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడినాడు, ఆవిడ తిన్నంతసేపూ.

సగం మంచం అక్కడే ఉండిపోయింది, దాని మీద రెబెక్కమ్మ కూడా. ఊపిరందని మనిషి కిందనుంచి ఇంకో ఊపిరందని మనిషికి లాక్కుపోవడానికి అబిగయీలుకి చేతులు రాలేదు. ఉత్త చేతుల్తో ఇంటికొచ్చి, లాజరస్ గారి కుర్చీ పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. ఆయన ముందుకు వంగి, ఊపిరి కూడదీసుకుని, మంచి పని చేసినావు తల్లీ అన్నాడు. ఆ రాత్రి కూడా ఆయన నిద్రపోలేదు.

తర్వాత సంఘపెద్దలు రెబెక్కమ్మను నడిపించుకుంటూ పోలీస్ స్టేషన్‌కి పోయినారు. చచ్చిందన్న మనిషి ఎదురుగా నిలబడితే సంజీవరావు ఏం చెబుతాడు? అమ్మకం ఆగింది. ఆవిడ బంగళాలో ఆవిడే ఉంది. మన వడ్రంగి క్రీస్తుదాసు అక్కడికి పోయి, ఆ వాలు, ఆ ఎత్తు కొలుచుకొచ్చి, అట్టాంటిదే కొత్తది చేసినాడు. పేము అల్లడం అతనికి రాకుంటే రెబెక్కమ్మే పక్కన కూర్చుని నేర్పింది, తిట్టి మరీ. లాజరస్ గారు దాని మీద తెల్లవారేదాకా నిద్రపోయినాడు. అబిగయీలు మాత్రం నిద్రపోలేదు, అలవాటు పోక, పక్కన కూర్చుని ఆ ఊపిరి వింటూనే ఉండింది.

టీ వచ్చేసింది, తీసుకోండి. లేచేముందు ఒక్కటి. ప్రభువు మనల్ని ధైర్యవంతులుగా చెయ్యమని రోజూ అడుగుతాం. ఆ బంగళా ముందు నుంచి ఎంతోమంది పోయినారు, అందరికీ ఆ ఊపిరి వినపడింది. నిలబడింది ఒక్కతే. మీరు వేరే ఏదీ గుర్తు పెట్టుకోకపోయినా ఫరవాలేదు... అందరూ తప్పుకుని పోయే గుమ్మం ఏదో మీ వీధిలోనూ ఒకటి ఉంటుంది. ఈ వారంలో ఒక సాయంత్రం దాని ముందు ఆగండి. లోపలున్నది ఎవరైనా సరే, ముందు ఆ మాటే అడగండి. అన్నం తిన్నావా అని అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడండి.