గడ్డ లోపల గడి

ఆస్పత్రి నేలమాళిగలో మా వదినకు ఉద్యోగం. రోగుల ఒంట్లోంచి కోసి తీసినవాటిని మందునీళ్ళ సీసాల్లో దాచే గది అది. ఏ సీసా ఎక్కడుందో కంప్యూటర్‌లోకి ఎక్కించమని పైవాళ్ళు ఆమె ప్రాణం తీస్తున్నారు. ప్రోగ్రాములు రాసేదాన్ని కదా అని నేను సెలవు పెట్టి వెళ్ళాను.

రాసింది చిన్న ప్రోగ్రామే. బీరువాలో అర, అరలో పెట్టె, పెట్టెలో సీసా. ఒకదానిలో ఇంకొకటి ఉందని చెబితే చాలు, లోపల కొత్త గడి అదే కట్టుకుంటుంది. ఎంత లోతుకైనా.

భోజనాలయ్యాక మొదలుపెట్టాం. వదిన చెబుతోంది, నేను కొడుతున్నాను. ముక్కు మండించే మందు ఘాటు. దాని కింద మగ్గిపోయినట్టు ఇంకేదో తియ్యటి కంపు. అరల అంచులన్నీ జిడ్డు. వేలు చున్నీకి ఎంత తుడిచినా వదలదు.

మూల సీసాలో పిడికిలంత గడ్డ. దాన్నిండా తడి వెంట్రుకలు, మధ్యలో ఒక పన్ను.

“ఛీ! ఏంటిది వదినా?”

“ఎవరి కడుపులోదో కణితిలే. కొన్నిటికి ఇలా జుట్టూ పళ్ళూ వస్తాయి. నువ్వు చూడకు, కొట్టు.”

గడ్డ. దానిలో వెంట్రుకలు, పన్ను. కొట్టి చెయ్యి తీసేశాను.

తెరమీద ఇంకో గడి తెరుచుకుంది. నాలుక.

“నువ్వు చెప్పావా?”

“లేదే. నాలుక ఉండదు…”

వదిన గడ్డను పళ్ళెంలోకి తీసి కత్తితో చీల్చింది. పసుపుపచ్చ కొవ్వు బుడబుడ పొంగి ఆమె చేతి తొడుగుల మీద కారింది.

“వెచ్చగా ఉందే…” అంది.

లోపల నాలుక. చిన్నది. ఎర్రగా… కదిలింది.

తెరమీద, నాలుక లోపల, ఇంకో గడి.

మాట.

“మూసెయ్,” వదిన తెరవైపు చెయ్యి చూపింది. “ముందు అది మూసెయ్ తల్లీ…”

మూశాను. పళ్ళెంలోంచి తడి చప్పుడు… అతుక్కున్న పెదాలు విడివడినట్టు.

ఇద్దరం బయటపడ్డాం. గుమ్మం పక్కనే గోడ పట్టుకుని తిన్నదంతా కక్కేశాను. నా వీపు నిమురుతూనే వదినా కక్కింది.

“దాన్నలా వదిలేస్తే నా ఉద్యోగం ఊడుతుంది,” అంది మూతి తుడుచుకుని. “నువ్విక్కడే ఉండు.”

“ఒక్కదానివే ఎలా వెళ్తావు? పద.”

చెయ్యీ చెయ్యీ పట్టుకుని లోపలికి వెళ్ళాం. ఉన్నది ఒకటే గుమ్మం. మమ్మల్ని దాటి ఎవరూ పోలేదు.

గడ్డ పళ్ళెంలోనే ఉంది. కోసిన చోట కుట్లు పడి ఉన్నాయి. నల్ల దారం, బిగుతుగా, వరసగా. ఎక్కడా ముడి కనబడలేదు.

వదిన పట్టకారుతో అంచు కొంచెం పైకెత్తింది.

ముడులన్నీ లోపలివైపు ఉన్నాయి…