పక్క స్టూలు

మా ల్యాబ్ మూడో అంతస్తులో ఉంటుంది. మైక్రోస్కోపు గది మాత్రం నేలమాళిగలో. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక దిగాం, పిన్నీ నేనూ. బయట ఎండ మాడ్చేస్తోంది. కింద కారిడార్‌లో ట్యూబ్‌లైట్లు, అప్పుడే తుడిచిన నేల మీద ఫినాయిల్ వాసన, గోడవారగా ఎవరికీ అక్కర్లేని పాత ఫ్రిజ్‌లు. భయపడాల్సింది ఏదీ లేదు.

పిన్ని అంటే నాకు చుట్టం కాదు. ల్యాబ్‌లో సార్ తర్వాత ఆవిడే. జుట్టు నెరిసేదాకా కణాలు పెంచుతూ వచ్చిన సైంటిస్టు. తిడుతుంది, తిన్నావా అని అడుగుతుంది, మళ్లీ తిడుతుంది. ఎవరు మొదలుపెట్టారో గానీ పిన్ని అన్న పేరు స్థిరపడిపోయింది. సార్ కూడా ఒక్కోసారి నోరు జారి అలాగే పిలిచేవాడు.

నేను లెక్కల మనిషిని. నా పీహెచ్‌డీ అంతా సమీకరణాలతోనే గడిచింది. ఆ తర్వాత శిక్షణకని ఈ ల్యాబ్‌లో చేరితే, సార్ మొదటి రోజే చెప్పేశాడు. లెక్కలొచ్చినవాళ్లు తమ చేత్తో కణాలు పెంచాలి, కణాలు తెలిసినవాళ్లు కూర్చుని లెక్కలు నేర్చుకోవాలి. "కణం మొహం చూడకుండా దాని జాతకం రాసేస్తామంటే ఎలాగమ్మా?" అన్నాడు.

నేను రాసేది నిజంగా జాతకమే. క్యాన్సర్ కణాలకి మందు వేస్తే అన్నీ ఒకేసారి చావవు. ఒకటి వెంటనే పోతుంది, దాని కవల మర్నాటిదాకా బతుకుతుంది. ఏది ఎప్పుడు పోతుందో ముందే చెప్పగలమా అన్నది నా పని. చావు మొదలైన కణం మైక్రోస్కోపు కింద పచ్చగా వెలిగేటట్టు పిన్ని వాటిని తయారుచేసింది. ఒకసారి వెలిగిందంటే ఇక వెనక్కి రాదు. నా సమీకరణాలు చెప్పేది అవకాశం ఎంతన్నదే. ఫలానా కణం, ఫలానా క్షణం అని చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు గాజు పళ్లెంలో ఉన్నవన్నీ ఒకే రోగి కణాలు. ఆవిడ ఎప్పుడో చనిపోయింది. గడ్డకట్టించి దాచిన సీసాల్లో అది ఆఖరిది. పాడైతే మళ్లీ దొరకవు. నా పని సగంలో ఆగిపోతుంది.

నాకు కంగారు ఉండాలి. లేదు. నాన్న పోయి రెండు నెలలైంది. అప్పట్నుంచీ నాకేదీ తగలడం లేదు. పెట్టింది తింటున్నాను, అడిగినదానికి జవాబు చెబుతున్నాను. "ఒక్కసారి ఏడువు, తేలికపడతావు" అనేవాడు మా ఆయన. "వస్తే ఏడవనా?" అనేదాన్ని. పళ్ల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో చూడండి, ఉందని తెలుసు, కానీ మనది కానట్టుంటుంది. నేను మొత్తం మనిషినే అలా ఉన్నాను.

గది చిన్నది. కిటికీ లేదు. కాస్త లైటు తగిలినా ఆ పచ్చ వెలుగు చెరిగిపోతుంది కాబట్టి గోడలకి నల్లరంగు వేశారు, తలుపు లోపల నల్లటి మందపాటి తెర. సెల్‌ఫోన్లు బయటే పెట్టాలి. పైల్యాబ్‌తో మాట్లాడటానికి గోడకి ఒక పాత ఫోను ఉంది. ఇద్దరు ఒకేసారి చూసేలా చెరో అద్దం ఉన్న మైక్రోస్కోపు ముందు పక్కపక్కనే రెండు స్టూళ్లు. కణాల్ని వెచ్చగా ఉంచే పెట్టె వల్ల గదంతా ఒంటి వేడిలా ఉండేది. పాలు విరగబోయే ముందు వచ్చేలాంటి వాసన. ఎక్కడో ఫ్యాను సన్నగా మూలుగుతూ ఉండేది.

పిన్ని లైటార్పింది. చీకటి అంటే మామూలు చీకటి కాదు. కళ్లు మూసినా తెరిచినా ఒకటే.

"ఫోకస్ ఊరికే జారిపోతూ ఉంటుంది. ఈ మర మీంచి చెయ్యి తియ్యకు. వెంట్రుకవాసి తిప్పాలి, అంతే," అంది. కాసేపటికి తనే గొణుక్కుంది. "నా బుర్ర తగలెయ్య! మందు పైన ఫ్రిజ్‌లోనే మర్చిపోయి వచ్చా. కదలకుండా కూర్చో, చిటికెలో వస్తా."

తెర కదిలింది. తలుపు మూసుకుంది. నేను కంటిని అద్దానికి ఆనించి కూర్చున్నాను. బూడిదరంగు మచ్చల్లా కణాలు. ఒక్కటీ వెలగడం లేదు. మందు వెయ్యలేదు కదా, వెలగవు.

కాసేపటికి తెర మళ్లీ కదిలింది. పక్క స్టూలు కిర్రుమంది.

"వచ్చేశారా?" అన్నాను, తల తిప్పకుండానే.

"ఊఁ."

"మందు వేద్దామా?"

"అక్కర్లేదు. చూడు."

పిన్ని గొంతే. ఆ గదిలో అందరం గుసగుసగానే మాట్లాడతాం, ఎందుకో తెలీదు, చీకట్లో గట్టిగా మాట్లాడబుద్ధి కాదు.

"కుడివైపు, ఆ మూలది," అంది.

ఆ మూల ఉన్న కణం మెల్లగా పచ్చబడింది. నీళ్లలో రంగు విప్పుకున్నట్టు వెలుగు దాని నిండా పరుచుకుంది.

"దాని కింద, పొడుగ్గా ఉన్నది."

అదీ వెలిగింది.

"ఎలా చెప్పగలుగుతున్నారు?" అన్నాను. ఇన్నేళ్ల అనుభవం, నాకు కనపడని గుర్తేదో ఆవిడకి కనపడుతోందనుకున్నాను. మందు లేకుండా ఎందుకు వెలుగుతున్నాయన్న ప్రశ్న రావాలి నాకు. వచ్చింది కూడా. వచ్చి, అలా పక్కన నిలబడింది, అంతే.

"ఇప్పుడు నడిమిది... ఇప్పుడు దాని పక్కది..."

ఒక్కటీ తప్పలేదు.

"మా తమ్ముడు పోయినప్పుడు నేనూ నీలాగే ఉన్నాను," అంది. "కంట్లో చుక్క రాలేదు. నిద్రలో పోయాడు. పిల్లలు చెరో పక్కనా పడుకునే ఉన్నారు. పొద్దున్నే వాళ్లే లేపబోయారు."

పిన్నికి తమ్ముడున్నాడని తెలుసు. పోయాడని తెలీదు. "అయ్యో" అన్నాను. అనాలి కాబట్టి అన్నాను.

"మీ నాన్న చెయ్యి పట్టుకున్నావా, ఆఖర్న?"

"పట్టుకున్నా."

"చల్లగా ఉందా?"

"ఊఁ."

మర మీదున్న నా కుడిచేతి మీద ఒక చెయ్యి పడింది. వేళ్లు నా వేళ్ల మీదికి ఒక్కొక్కటే సర్దుకున్నాయి.

"ఇంతనా?"

...అంతే. సరిగ్గా అంతే చల్లదనం.

అప్పుడు గోడ ఫోను మోగింది.

ఎడమచెయ్యి చాచి తీశాను. కుడిచెయ్యి కదలడం లేదు.

"ఏమే, నేనే," అంది ఫోన్లో పిన్ని. వెనక పైల్యాబ్ చప్పుళ్లు, ఎవరో నవ్వుతున్నారు. "ఆ సీసా ఎవడు ఎక్కడ పెట్టి చచ్చాడో కనపడట్లేదు. ఇంకాస్త సేపు పడుతుంది. ఫోకస్ జారనివ్వకు."

"పిన్నీ... మీరు పైనే ఉన్నారా?"

"మరెక్కడుంటా? ఏం, అలా ఉంది గొంతు?"

నా చేతి మీదున్న వేళ్లు మెల్లగా తట్టాయి. పసిపిల్లని జోకొట్టినట్టు.

ఫోను పెట్టేశాను.

అరవాలి. అరవలేదు. గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది, పక్కింట్లో ఎవరో తలుపు కొడుతున్నట్టు. నా కన్ను ఇంకా అద్దానికే ఆని ఉంది. తల తిప్పితే చీకటే ఉంటుంది, ఆ చీకట్లో ఏముందో తెలీదు. అద్దంలో కనీసం కణాలున్నాయి. అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. ఒక్కటి తప్ప.

"ఎవరు?" అన్నాను.

ఊపిరి వినపడలేదు. మాట మాత్రం చెవి పక్కనే వినపడింది.

"ఇంకొక్కటే మిగిలింది... చెప్పనా?"

ఎందుకో నాకు తెలిసిపోయింది, అది కణం గురించి కాదని.

"వద్దు."

"చెప్పనా?"

"వద్దు... వద్దు..."

చెయ్యి లాక్కున్నాను. స్టూలు పడిపోయింది. గోడంతా తడిమాను. ఎటు తడిమినా తెరే. తెర వెనక తెర. ఎట్టకేలకి స్విచ్ తగిలింది. వేశాను.

తెల్లటి వెలుగు. నల్లటి గోడలు. పక్క స్టూలు ఖాళీ.

వంగి చూశాను, పళ్లెంలో ఒక్క కణమూ ప్రాణంతో మిగల్లేదు.

పిన్ని సీసాతో దిగి వచ్చేసరికి నేను కారిడార్‌లో నేల మీద కూర్చుని ఉన్నాను. లోపలికి తొంగిచూసింది. "లైటేశావా?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సార్‌కి ఫోన్ చేసి ఆఖరి సీసా పోయిందని తనే చెప్పింది, పొరపాటు తనదేనంది. తర్వాత నాకు వేడిగా టీ పోసిచ్చి, ఏం జరిగిందో చెప్పమంది. చెప్పాను.

"నిద్ర లేదు, తిండి లేదు, మీ నాన్న దిగులు. చీకట్లో కూర్చోబెట్టి వెళ్లడం నాదే తప్పు," అంది.

"మీ తమ్ముడి సంగతి నాకెలా తెలుస్తుంది పిన్నీ? నిద్రలో పోయాడని..."

ఆవిడ కప్పు కింద పెట్టింది.

"మా తమ్ముడు నిక్షేపంగా ఉన్నాడు. పొద్దున్నే మాట్లాడాడు. అలాంటి మాటలనకు."

నెల తిరక్కుండానే పోయాడు. నిద్రలో. ఎలా పోయాడో ల్యాబ్‌లో మిగతావాళ్లు చెప్పుకుంటుంటే నేను కంప్యూటర్ ముందు కూర్చుని విన్నాను. పిల్లలు లేపడానికి చూశారట, నాన్న ఇంకా పడుకునే ఉన్నాడేంటని.

పిన్ని తిరిగొచ్చాక నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఒకసారి చేతులు కడుక్కుంటుంటే పక్కన వచ్చి నిలబడింది. కుళాయి కట్టెయ్యకుండానే అడిగింది, నీళ్ల చప్పుట్లో ఎవరికీ వినపడకుండా.

"ఇంకెవరి గురించైనా చెప్పిందా?"

"చెప్తానంది. నేనే వద్దన్నాను."

తల ఊపింది. "మంచి పని చేశావు," అంది. ఆవిడ మళ్లీ ఆ గదిలోకి వెళ్లలేదు. కింది పనంతా కొత్తగా చేరిన పీహెచ్‌డీ అమ్మాయికి అప్పగించారు. నేను అడ్డుపడ్డాను. సార్ కారణం అడిగాడు, చెప్పలేకపోయాను. ఆ పిల్లకి మాత్రం చెప్పాను, "ఒక్కదానివే కూర్చోకు, ఎవరినైనా తోడు తీసుకెళ్లు" అని. ఎందుకని అడగలేదు. మంచిపిల్ల, తలాడించింది.

నేను పూర్తిగా లెక్కల్లోకి తిరిగి వచ్చేశాను. పై అంతస్తులో, కిటికీ పక్కన కుర్చీ. ఒకరోజు సాయంత్రం ఆ పిల్ల పైకొచ్చింది, కళ్లు నులుముకుంటూ.

"థాంక్స్ అక్కా," అంది.

"దేనికి?"

"తోడు లేకుండా కూర్చోవద్దని చెప్పి, మీరే వచ్చి కూర్చున్నారు కదా. ఎంత ఓపిగ్గా నేర్పారో. మీ చెయ్యి నా చేతి మీద పెట్టి తిప్పించాకే నాకా ఫోకస్ పట్టుబడింది."

పొద్దుట్నుంచీ నేను కుర్చీలోంచి లేవలేదు.

ఆ పిల్ల తలొంచుకుంది. "మీ ఆయన పోయిన సంగతి వింటే చాలా బాధేసిందక్కా. అక్కడేమనాలో తెలీక ఊరుకున్నాను. ఆఖరిసారి ఆయన చేసినప్పుడు మీరు ఫోన్ ఎత్తలేకపోయానన్నారు... అది మీ తప్పెలా అవుతుంది?"

నాన్న పోయాక మొదటిసారి నాకేదో తగిలింది. మొద్దుబారిన చోటెక్కడో, సూదిలా. ఫోన్ తీసుకుని చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. ఆఫీసులోనే ఉన్నాడు. "ఏంటి, ఏడుస్తున్నావా?" అన్నాడు. అవును, ఏడుస్తున్నాను. "ఏడువు, ఏడువు, మంచిదే," అన్నాడు, సంతోషంగా.

ఆ పిల్లని మళ్లీ కిందికి పోనివ్వలేదు. ఏడుస్తూ చెబితే సార్ ఈసారి కారణం అడగలేదు, ఆ గదికి తాళం వేయించాడు. అప్పట్నుంచీ ఫోన్ నా చేతిలోనే ఉండేది. సార్ ఎదురుగా ఉన్నా ఎత్తేదాన్ని. స్నానానికి వెళ్లినా గట్టు మీద పెట్టుకునేదాన్ని. ఆయన చేసిన ఫోన్ ఒక్కటి కూడా పోనివ్వలేదు. ఆయన నవ్వేవాడు, కొత్త పెళ్లికూతురిలా తయారయ్యావని.

ఒక సాయంత్రం నేనే చేశాను, ఇంటికి ఎప్పుడొస్తావని అడగడానికి. వెంటనే ఎత్తాడు. ఎక్కడో నడుస్తున్నట్టున్నాడు, అడుగుల చప్పుడు గోడలకి తగిలి మోగుతోంది.

"అదేంటి, ఇప్పుడే కదా పెట్టేశావు?" అన్నాడు.

ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"వస్తున్నానే బాబూ," అన్నాడు. "నువ్వు రమ్మన్న చోటికే. మీ ల్యాబ్ మెట్లు దిగుతున్నా."