మూడో పిలుపు

అన్యాయం జరిగింది పోశన్నకు. 2019 జూలై 11, గురువారం, పట్టపగలు. చేసినవాడు గయాజ్. ముందే చెప్పేస్తున్నాను. దోషి ఎవరో తేలక మీరు జుట్టు పీక్కోవాల్సిన కథ కాదిది. భయపడాల్సింది వేరే ఉంది.

పోశన్నది కోరుట్ల పక్క పల్లె. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక నీళ్ళ కంపెనీలో ఏడో నంబరు ట్యాంకర్ నడిపేవాడు. పడమటి ఎడారిలో ఒంటెల దొడ్లకు నీళ్ళు పోసి రావడం పని. ఫోను సిగ్నల్ అందని చోట్లవి. అందుకని ప్రతి బండిలో మైకు పట్టుకుని మాట్లాడే సీబీ రేడియో ఒకటి, యార్డు ఆఫీసులో ఒకటి. ఆఫీసు రేడియో ముందు కూర్చునేది బోధన్ నుంచి వచ్చిన గయాజ్. వచ్చిన ప్రతి పిలుపునూ టైముతో సహా రిజిస్టరులో రాయడం అతని డ్యూటీ.

మిగతా డ్రైవర్లు ఒక్కసారి పిలిచి సంగతి చెప్పేవారు. పోశన్న మాత్రం మూడుసార్లు పిలిచేవాడు.

"ఒక్కసారి పిలిస్తే వినపడదా బే? నాకేమన్న చెవుడా?" అని కసిరేవాడు గయాజ్.

"దెయ్యం రెండుసార్లే పిలుస్తది భాయ్. మూడోసారి పిలిచిందంటే మనిషన్నట్టు. మా అవ్వ చెప్పింది. నువ్వు గూడ మూడోసారికే పలుకు, మంచిగుంటవ్."

"మీ అవ్వకు నా సలాం చెప్పు. యల్లా, బండి తియ్యి."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. గయాజ్‌కు నోరు కరుకే. చెవి ఇంకా చెడ్డది.

ఎండాకాలంలో ఆ రేడియోలకు ఒక పిచ్చి పడుతుంది. మామూలుగా పాతిక కిలోమీటర్లు దాటని గొంతు, పైన ఆకాశం అద్దంలా మారిన రోజున, గోడకు కొట్టిన బంతిలా ఎగిరి వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. ఏ దేశపు లారీవాళ్ళో, ఏ భాషో, చెవిలో సంత పెడతారు. ఆ గోల పడలేక ఆఫీసువాళ్ళు రేడియో మీది గుండీ ఒకటి కుడివైపుకు తిప్పేస్తారు. సన్నటి గొంతులన్నీ తెగిపోతాయి. వాటితోపాటు, దూరాన ఉన్న మనవాడి గొంతు కూడా.

ఆ గురువారం అలాంటి రోజు. పదకొండుంబావుకు ఆ గోల అడుగున సన్నగా వినిపించింది. "గయాజ్ భాయ్... గయాజ్ భాయ్..."

గయాజ్ అప్పుడే బిర్యానీ డబ్బా మూత తీశాడు. గుండీ తిప్పేశాడు. సాయంత్రం రిజిస్టరులో రాశాడు: ట్యాంకర్ 7. పోశన్న. కాల్ రాలేదు.

మర్నాడు దొరికాడు పోశన్న. ఇసుకలో దిగబడ్డ ఖాళీ ట్యాంకర్ మెట్టు మీద కూర్చునే చనిపోయి ఉన్నాడు, మైకు చేతిలోనే ఉంది. ఒంటెల మందలకు నీళ్ళు మోసినవాడి నాలుక చెప్పు తోలులా ఎండిపోయింది. కాల్ చేయలేదు కాబట్టి తప్పు అతనిదే అంది కంపెనీ. దారి తప్పి, ఎక్కడో బండి ఆపి పడుకున్నాడంది.

అతని భార్య గంగామణి ఊరినుంచి ఫోను చేసింది. ఆమెకు గల్ఫంతా దుబాయే. "సారూ, మీ దుబాయ్‌ల ఏమైందో నాకు తెల్వదు. ఒక్కటి చెప్పు. నా మొగడు పిలిచిండా?"

"పిలువలేదమ్మా," అన్నాడు గయాజ్.

"మూడుసార్లు పిలువకుంట ఆయన సావడు సారూ," అని ఫోను పెట్టేసింది.

ఐదేళ్ళు గడిచాయి. గయాజ్ సూపర్‌వైజరయ్యాడు. రేడియో ముందు ఇప్పుడు నిజామాబాద్ పిల్ల యాస్మీన్ కూర్చుంటోంది. 2024 జూలై 3 పొద్దున, అతను పికప్ తాళాలు తీసుకుంటుంటే ఆమె చెవులు రుద్దుకుంటూ అంది.

"గయాజ్ చాచా, పొద్దుగాల్నుంచి దునియా అంత ఈ రేడియోలనే లొల్లి చేస్తుంది. అందుల ఒక తెలుగోడు గూడ ఉన్నడు. నిన్నే పిలుస్తుండు."

"నన్నా?"

"గయాజ్ భాయ్, గయాజ్ భాయ్ అని రెండుసార్లు. ఊకుంటడు. మల్ల రెండుసార్లు."

గయాజ్ తాళాలు జేబులో వేసుకున్నాడు. "మన డ్రైవర్ రాజేందర్ గాడు మజాక్ చేస్తుండు. నేను నేర్పిన గదా, లొల్లి ఎక్కువైతే గుండీ తిప్పు, చెవులు కడుక్కో."

"తిప్పుత తియ్యి చాచా. ఆ ముచ్చట్లు వినాలని నాకేం మోజు?"

ఒంటెల దొడ్డిలో పంపు చెడిందంటే చూడ్డానికి వెళ్తున్నాడు. పదిన్నరకు పికప్ మెత్తటి ఇసుకలో దిగబడింది. ముందుకూ వెనక్కూ తిప్పీ తిప్పీ ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. ఏసీ ఆగింది. కాలిన రబ్బరు వాసన. వేడికి రేకు టక్... టక్... మంటోంది. ఆకాశం నీలం కాదు, తెలుపు. దుమ్ములో ఎటు చూసినా అదే తెలుపు. ఫోనులో సిగ్నల్ లేదు. నీళ్ళు ఒక్క సీసా.

మైకు తీశాడు. "ఆఫీస్, ఆఫీస్. గయాజ్. బండి దిగబడ్డది. యాస్మీన్ బేటీ..."

జవాబు లేదు.

మళ్ళీ పిలిచాడు. మళ్ళీ. అప్పుడు గుర్తొచ్చింది, గుండీ. తనే నేర్పాడు.

పన్నెండయింది. సీసా ఖాళీ అయింది. రేడియోలో ఎవరో నవ్వుతున్నారు, ఎవరో అంకెలు చెబుతున్నారు, తెలియని భాషల్లో. ఇన్ని వేల కిలోమీటర్ల అవతలి గొంతులు అతనికి వినపడుతున్నాయి. అతని గొంతు పాతిక కిలోమీటర్ల దూరానికి అందడం లేదు.

ఉన్నట్టుండి ఆ గొంతులన్నీ ఆగిపోయాయి.

తడిమట్టి వాసన వచ్చింది. ఎండిన నేల మీద ట్యాంకర్ పైపు వదిలినప్పుడు లేస్తుందే, ఆ వాసన.

"గయాజ్ భాయ్..."

రేడియో దగ్గరకు వంగాడు.

"గయాజ్ భాయ్..."

మూడో పిలుపు కోసం చూశాడు. ఒక నిమిషం. రెండు. చెమట కూడా రావడం లేదు. పెదవి పగిలి ఉప్పగా తగిలింది. మూడోది వస్తే మనిషి. రాకపోతే...

రాలేదు.

పలకకూడదు. అతనికీ తెలుసు. కానీ దాహం ముందు ఎవరి అవ్వ మాటలు నిలుస్తాయి? మీట నొక్కాడు.

"పోశన్నా... నేను విన్న ఆ రోజు. రెండుసార్లు విన్న. గుండీ తిప్పిన. తప్పయింది. నన్ను బతికియ్యి. రిజిస్టర్ల నిజం రాస్త. గంగామణికి నేనే చెప్త. అల్లా మీద ఒట్టు..."

మీట వదిలాడు. గరగర కూడా లేదు.

అప్పుడు వచ్చింది మూడో పిలుపు. రేడియోలోంచి కాదు. మూసి ఉన్న అద్దం లోపల, ఎడమ చెవి పక్కన, చల్లగా.

"గయాజ్ భాయ్."

మూడున్నరకు రాజేందర్ ట్యాంకరేసుకుని వచ్చేసరికి గయాజ్ పికప్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా తడి.

"నీళ్ళేడియి భాయ్? నీ అంగి పిండితే బకెట్ నిండేటట్టుంది!"

గయాజ్ అంగి అంచు పిండాడు. తర్వాత గుసగుసగా అడిగాడు. "నేనీడ ఉన్నట్టు... నీకెవడు చెప్పిండు?"

"యాస్మీన్ చెప్పింది. ఆఫీసుకు కాల్ వచ్చిందట. గుండీ మొత్తం తిప్పే ఉందట, అయినా గంట కొట్టినట్టు వినపడ్డదట. గయాజ్ భాయ్ ఒంటెల దొడ్డి తొవ్వల దిగబడ్డడు, బండి పంపుండ్రి అని. మూడుసార్లు పిలిచిండట."

చచ్చినవాడు తన డ్యూటీ తాను చేశాడు. ఇక బతికున్నవాడి వంతు.

సాయంత్రం ఐదింటికి యాస్మీన్ సంచి సర్దుకుంది. ఆమె రాసిన ఇవాళ్టి పేజీలో ఆ పిలుపు ఉంది. పిలిచినవాడి పేరు దగ్గర మాత్రం ఖాళీ. "పేరు అడిగిన చాచా. ఏడో నంబర్ అన్నడు. ఏడో నంబర్ బండి మనకు లేదు గదా?"

"లేదు," అన్నాడు గయాజ్. ఆ ట్యాంకర్ ఎప్పుడో తుక్కుకు పోయింది.

ఆమె వెళ్ళాక బీరువా తాళం తీశాడు. 2019 రిజిస్టరు దుమ్ము దులిపి ఆ పేజీ తెరిచాడు. పెన్ను తీశాడు.

ఏసీ చల్లగా వీస్తోంది. చాయ్ వచ్చింది. కడుపులో వెచ్చగా దిగింది. ఎడారిలో కొండంత ఉన్న ఒట్టు, చాయ్ సగమయ్యేసరికి చింతగింజంత అయింది. రాస్తే పోలీసులు. రాస్తే వీసా పోతుంది. ఐదేళ్ళయింది. పోయినోడు తిరిగొస్తాడా? ఎండదెబ్బకు మనిషికి ఏవేవో వినపడతాయి, డాక్టర్లే చెబుతారు... ఇలా పిరికివాడికి దొరకని సాకు లోకంలో ఉండదు.

పెన్నుకు మూత పెట్టాడు.

రిజిస్టరు మూయబోతూ ఆగాడు. పోశన్న వరుస కింద మరో వరుస ఉంది. ఇప్పటి దాకా తాళం వేసి ఉన్న బీరువా అది. ఆ వరుస సిరా పై వరుసలాగే వెలిసిపోయి ఉంది. చేతిరాత తనదే. తను ఎప్పుడూ రాయలేదు. తేదీ వచ్చే వారానిది.

ట్యాంకర్ 7. గయాజ్. కాల్ రాలేదు. 2024 జూలై 11, గురువారం.